చదరంగపు గడుల సంఖ్యను విప్పి చూస్తే

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

బాణాలు, చంద్రుడు, ఆకాశం, నిప్పు, కొండలు, సముద్రాలు, చివర్లో ఒక ఏనుగు. చెవిన పడగానే ఏ దండయాత్ర వర్ణనో అనుకుంటాం. ఇది ఒక లెక్కకు జవాబు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లనదిగా ఈ చంపకమాల ప్రసిద్ధం. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ పోతే 64 గడులకూ కలిపి ఎన్ని గింజలవుతాయి? ఆ మొత్తం ఈ రెండున్నర పాదాల్లో ఉంది.

విప్పడం తేలికే. మన్మథుడి బాణాలు ఐదు కనుక శరం 5. శశి ఒక్కడే, 1. షట్కం 6. చంద్రుడు మళ్లీ 1. శరం 5, సాయకమూ బాణమే, 5. శరీరానికి తొమ్మిది రంధ్రాలు, 9. తర్వాత వచ్చే ‘వియన్నగాగ్ని’లో సంధి మూడు అంకెలను ఒకే మాటలో కలిపేసింది: వియత్తు ఆకాశం, శూన్యం, 0, నగం కొండ, కులపర్వతాలు ఏడు, 7, అగ్నులు మూడు, 3. భూధరమూ కొండే, 7. ఈ కొండ ఒకటో పాదం చివర సగం, రెండో పాదం మొదట సగం ఉంది. గగనం 0, అబ్ధి 4, వేదాలు 4, గిరి 7, తర్కాలు 6, పయోనిధి 4, పద్మజుడి ముఖాలు 4. కుంజరం దిగ్గజాల లెక్కన 8. తుహినాంశుడు చంద్రుడే, 1. అంకెలు ఎడమకు నడుస్తాయన్నది పాత సంప్రదాయం. కాబట్టి వెనక నుంచి చదవాలి:

18446744073709551615

ఇరవై అంకెలు. మన పద్ధతిలో పలకాలంటే 1,84,467 కోటికోట్లు, 44,07,370 కోట్లు, 95 లక్షల 51 వేల 615. దీన్ని ఇప్పుడు సరిచూడాలంటే ఫోనులోని క్యాలిక్యులేటర్ తీస్తాం. చాలా ఫోన్లలో అది మొదటి కొన్ని అంకెలు చూపించి, మిగతావాటికి బదులు పదికి ఇన్నో ఘాతం అని చెప్పి ఊరుకుంటుంది. స్ప్రెడ్‌షీట్లు 15 అంకెల దాకా నిలబడి, ఆపైన సున్నాలు పెట్టేస్తాయి. పద్యంలో ఒక్క అంకె కూడా జారిపోలేదు.

ఇంకో చిన్న విషయం. ఇందులో నేత్రం లేదు, పక్షం లేదు, కరం లేదు. అంటే రెండు అనే అంకెను సూచించే మాట ఒక్కటీ లేదు. పై సంఖ్యలో చూడండి, సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఉన్నాయి, 2 తప్ప. రెట్టింపులతోనే పుట్టిన సంఖ్యలో రెండుకు చోటు దక్కకపోవడం కేవలం యాదృచ్ఛికమే. అయినా చెప్పకుండా ఉండలేను.

ఈ సంఖ్య పేరు చెప్పగానే రాజుగారి గాదెలు ఖాళీ అయిన కథ చెప్పడం అలవాటు. ఎంత పెద్దదో చెప్పి నోరు వెళ్లబెట్టించి ముగిస్తారు. గింజ 25 మిల్లీగ్రాములనుకుంటే సుమారు 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఇప్పుడు పండిస్తున్న బియ్యాన్ని తొమ్మిది వందల ఏళ్లు కూడబెట్టినా చాలీచాలని రాశి. సరే, పెద్దదే. కానీ సంఖ్యలకు పెద్దరికం గొప్ప కాదు, ఎన్ని సున్నాలైనా తగిలించుకోవచ్చు. ఈ సంఖ్యలో నన్ను పట్టి కూర్చోబెట్టింది దాని పొడవు కాదు, పగిలే తీరు. దాని ముక్కల్లో ఒకదాని విషయంలో 17వ శతాబ్దపు మహా గణితవేత్త ఒకరు పప్పులో కాలేశారు. ఇంకొకరు ఆ తప్పు దిద్దుతూ కొత్త దారి వేశారు.

అప్పు తెచ్చిన గింజ

ముందు మొత్తం ఎలా వచ్చిందో చూద్దాం. 64 సంఖ్యలను కూడుకుంటూ పోనక్కర్లేదు. పొరుగింటి నుంచి ఒక్క గింజ అప్పు తెచ్చి మొదటి గడిలో వెయ్యండి. అక్కడ రెండు గింజలయ్యాయి. రెండింటినీ రెండో గడిలోకి తోయండి. అక్కడున్న రెండుతో కలిసి నాలుగు. వాటిని మూడో గడిలోకి తోస్తే ఎనిమిది. ఇలా తోసుకుంటూ 64వ గడి కూడా దాటితే, బల్ల బయట పడే కుప్ప సరిగ్గా 2⁶⁴. ఇప్పుడు అప్పు గింజ తిరిగి ఇచ్చేయండి. మిగిలింది 2⁶⁴ − 1. మల్లన సంఖ్య అదే.

కంప్యూటర్లకు ఈ సంఖ్యతో రోజూ పని. 64 బిట్ల గడిలో ప్రతి బిట్‌లోనూ ఒకటి నింపితే వచ్చే విలువ ఇదే. రుణ సంఖ్యలు అక్కర్లేని లెక్కల్లో అక్కడ పట్టే అతి పెద్ద సంఖ్య. దానికి ఒకటి కలిపితే అప్పు గింజ కథ మళ్లీ జరుగుతుంది: గడులన్నీ ఖాళీ అయి, మొత్తం సున్నా అని చూపిస్తుంది. బయటికి దొర్లిన కుప్పను పట్టడానికి 65వ గడి లేదు మరి.

ఒకట్లు, సున్నాలతో అంకెలు రాసే ఈ పద్ధతి తెలుగు పద్యం తెలిసినవాళ్లకు పరాయిది కాదు. ప్రతి స్థానంలోనూ గురువో లఘువో, రెండే అవకాశాలు. పింగళుడి ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారం చేసేది ఆ రెండింటి అమరికలన్నీ వరసగా రాయడమే. ఒకటిని గురువు అనుకుంటే, మల్లన సంఖ్య అంటే వరసగా 64 గురువులు, మధ్యలో ఒక్క లఘువు కూడా లేని పాదం.

ఈ పాదాన్ని సమాన గణాలుగా విడగొట్టడమే సంఖ్యను పగలగొట్టడం. మామూలు అంకెలతోనే చూడండి: 111111లో ఆరు ఒకట్లు. రెండేసి చొప్పున విడగొడితే 11, 11, 11. అందుకే 111111 = 11 × 10101. మూడేసి చొప్పున అయితే 111 × 1001. రెండు అంకెలే ఉన్న లోకంలోనూ ఇదే సూత్రం. 64 ఒకట్లను రెండేసిగా విడగొట్టవచ్చు కనుక రెండు ఒకట్ల సంఖ్య, అంటే 3, దీన్ని భాగిస్తుంది. నాలుగేసిగా విడగొట్టవచ్చు కనుక 15 భాగిస్తుంది. ఎనిమిదేసిగా 255. 64 అనే సంఖ్య సగాలు చేయడానికే పుట్టినట్టు ఉంటుంది: 32, 16, 8, 4, 2, 1.

ఇక్కడ కాసేపు పక్క గడులకు వెళ్లి రావాలి. చదరంగం బల్లకు 61 గడులే ఉంటే? అప్పటి మొత్తం 2305843009213693951. 61 ఒకట్లను ఏ విధంగానూ సమాన గణాలు చేయలేం, ఎందుకంటే 61 ప్రధాన సంఖ్య. అయితే అంత మాత్రాన మొత్తం పగలకూడదని నియమం లేదు. 11 ఒకట్ల సంఖ్య 2047, అది 23 × 89గా విడిపోతుంది. కానీ 61 గడుల మొత్తం నిజంగానే పగలని గులకరాయి. ఒకటీ, తానూ తప్ప దాన్ని భాగించేది ఏదీ లేదని రష్యా మతగురువు ఇవాన్ పెర్వూషిన్ 1883లో తేల్చాడు. 62 గడులైతే 3 × 715827883 × 2147483647. 63 గడులైతే 7 × 7 × 73 × 127 × 337 × 92737 × 649657. పరిమాణంలో ఇవన్నీ అన్నదమ్ములే, ఒకదానికి రెట్టింపు, దానికి రెట్టింపు. లోపలి పోలికలు మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

ఐదు మెట్లు సాఫీగా, ఆరోది విరిగింది

మన 64కు తిరిగి వద్దాం. బడిలో చదువుకున్న సూత్రమే: రెండు వర్గాల భేదమంటే వాటి మూలాల మొత్తాన్ని వాటి భేదంతో గుణించడం. 2⁶⁴ అనేది 2³²కు వర్గం, 1 తనకు తానే వర్గం. కనుక

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1)

కుడివైపు ముక్క మళ్లీ అలాంటిదే. దాన్ని మళ్లీ చీల్చండి. ఉల్లిపొరలు ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోతే చివరకు మిగిలేది

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఆరు ముక్కలు. ఒక్కొక్కటీ దాని ముందున్నదాని కంటే దాదాపు వర్గమంత పెద్దది. 3 అంటే 2 + 1. 5 అంటే 4 + 1. 17 అంటే 16 + 1. వీటిని ఇప్పుడు ఫెర్మా సంఖ్యలు అంటారు. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. 3, 5, 17 చూడగానే తెలుస్తాయి. 257కు 13 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 65537కు కాస్త ఓపిక కావాలి, 251 దాకా వెళ్లాలి. మరి ఆరోది?

ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో న్యాయాధికారిగా ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో సంఖ్యాశాస్త్రానికి పునాదులు వేసిన పియెర్ ద ఫెర్మా 1640లో రాసిన లేఖల్లో ఈ వరస గురించి ప్రస్తావించాడు. ఇలా పోయే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన నమ్మకం. రుజువు తన దగ్గర లేదని దాచకుండా ఒప్పుకున్నాడు, కానీ అనుమానం మాత్రం పెట్టుకోలేదు. ఐదు మెట్లు గట్టిగా ఉన్నాయి, ఆరోది మాత్రం ఎందుకు విరుగుతుంది?

దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1729 డిసెంబరులో మాస్కో నుంచి గణితవేత్త క్రిస్టియన్ గోల్డ్‌బాఖ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కుర్ర గణితవేత్త ఆయిలర్‌కు ఒక లేఖ రాస్తూ, ఫెర్మా చెప్పిన ఈ మాట మీకు తెలుసా అని అడిగాడు. ఆయిలర్‌కు అప్పుడు 22 ఏళ్లు. మొదట పెద్దగా ఆసక్తి చూపలేదు. తర్వాత పట్టుకుంది. 1732లో జవాబు చెప్పాడు:

4294967297 = 641 × 6700417

అలా మల్లన సంఖ్య ఆరు కాదు, ఏడు ముక్కలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాలేదు. ఏడింటిలో ఏది తీసుకున్నా, ఏది వదిలినా ఒక భాజకం వస్తుంది కనుక దీనికి మొత్తం 128 భాజకాలు. అందులోనూ రెండు ఘాతమే!

641 దొరికిందెలా? అన్ని ప్రధాన సంఖ్యలతోనూ గుడ్డిగా భాగించుకుంటూ వెళితే 641 వందా పదహారోది. అది కూడా అసాధ్యమేమీ కాదు, ఒక ఆదివారం పని. కానీ ఆయిలర్ తర్వాత రుజువుతో సహా చూపించిన దారి చాలా దగ్గరి దారి. కొంచెం ఆగి చూడదగ్గది.

రెండు ఘాతాలను 17తో భాగించుకుంటూ శేషాలు రాయండి: 1, 2, 4, 8, 16, 15, 13, 9, మళ్లీ 1. ఇక అదే వరస తిరుగుతుంది, రంగులరాట్నం లాగా. ఒక చుట్టుకు ఎనిమిది అడుగులు. నాలుగో అడుగులో వచ్చిన 16 అంటే 17కు ఒకటి తక్కువ, అంటే −1. సగం చుట్టు తిరిగేసరికి −1, పూర్తి చుట్టుకు 1. ఇప్పుడు ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకోండి. దానితో భాగిస్తే 2³² శేషం −1 అన్నమాటే కదా. 32వ అడుగుకు సగం చుట్టు. 64వ అడుగుకు పూర్తి చుట్టు. అంతకంటే చిన్న చుట్టు కుదరదు: చుట్టు 64ను భాగించాలి, 32ను భాగించకూడదు. అలాంటిది 64 ఒక్కటే.

ఇంకో నియమం ఉంది. ఏ బేసి ప్రధాన సంఖ్యతో చూసినా, ఆ సంఖ్యకు ఒకటి తక్కువగా అడుగులు వేస్తే రాట్నం తప్పక మొదటికి వచ్చి ఆగుతుంది. 17కు 16 అడుగులు వేస్తే రెండు చుట్లు పూర్తవుతాయి. కాబట్టి మనం వెతుకుతున్న భాజకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 64తో నిశ్శేషంగా భాగించబడాలి. అంటే వెతకాల్సినవి 65, 129, 193, 257, 321... ఈ వరసలోనే. వీటిలో ప్రధాన సంఖ్యలు కానివి కొట్టేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే తలుపు తెరుచుకుంటుంది.

ఇందులో చేదు హాస్యం ఏమిటంటే, ఆ రెండో నియమం ఫెర్మాదే. ఆయన దాన్ని ప్రకటించింది కూడా అదే 1640లో. తాళం, తాళంచెవి రెండూ ఒకే ఏడాది ఆయన చేతిలోనే ఉన్నాయి.

మిగిలిన 6700417ను ఇంకా పగలగొట్టగలమా? దాని భాజకాలూ ఈ వరసలోనివే అయి ఉండాలి, వర్గమూలం 2589 దాటదు కనుక అంతదాకా చూస్తే చాలు. ఆ హద్దు లోపల వరసలో ప్రధాన సంఖ్యలు పదకొండే. కాగితం మీద గంటలో తేలే పని, ఒక్కటీ భాగించదు. ఆ హద్దు లోపలే మనకు బాగా తెలిసిన సంఖ్య ఒకటి ఎదురవుతుంది. 64 × 27 + 1 ఎంత? 1729. గోల్డ్‌బాఖ్ లేఖ రాసిన ఏడాది. ఆసుపత్రి మంచం మీదున్న రామానుజన్‌కు గణితవేత్త హార్డీ చెప్పిన టాక్సీ నంబరు. కానీ 7 × 13 × 19 కావడంతో ఇక్కడ దానికి పని లేదు, మనం కొట్టేసిన జాబితాలోకి పోతుంది.

641 నిజంగా భాగిస్తుందని పదంకెల భాగహారం చేయకుండానే చూపే ముచ్చటైన దారి ఒకటుంది. తర్వాతివాళ్లు కనిపెట్టారు. 641 అంటే 5 × 128 + 1. అంటే 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే శేషం 1: అంటే 5⁴ × 2²⁸ శేషం 1. ఇక 641ను ఇంకోలా చూడండి: 625 + 16, అంటే 5⁴ + 2⁴. కనుక 641 లెక్కలో 5⁴ అన్నా −2⁴ అన్నా ఒకటే. మార్చి రాయండి: −2⁴ × 2²⁸, అంటే −2³², శేషం 1. అంటే 2³²కు ఒకటి కలిపితే శేషం సున్నా. అయిపోయింది. నాలుగు వాక్యాల్లో ఫెర్మా నమ్మకం కూలింది. ఈ రుజువును మొదటిసారి చదివినప్పుడు ఏదో కనికట్టు జరిగిందనిపించి, భాగహారం చేసి చూశాను. నిశ్శేషంగానే పోయింది.

మేరువులో 64వ వరస

విరిగిన మెట్టు సంగతి అలా ఉంచి, నిలబడిన ఐదు మెట్లకు ఏం జరిగిందో చూడాలి. 1796లో పంతొమ్మిదేళ్లు కూడా నిండని జర్మన్ గణితవేత్త గాస్, స్కేలు, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనుక్కున్నాడు. గ్రీకుల కాలం నుంచి 3, 5, 15 దగ్గరే ఆగిపోయిన పని అది. బేసి భుజాలున్న బహుభుజి గీయడం సాధ్యం కావాలంటే ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమై ఉండాలి. గాస్ దారి చూపాడు, మరే సంఖ్యకూ కుదరదన్న భాగాన్ని వాంట్‌జెల్ 1837లో నిరూపించాడు. మనకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే కనుక అలాంటి బేసి బహుభుజులు 31. చిట్టచివరిది 4294967295 భుజాలది. గీస్తే ఎవరికైనా వృత్తంలాగే కనిపిస్తుంది. 65537 భుజాల దాన్ని గీసే విధానం రాయడానికి హెర్మెస్ అనే జర్మన్ పదేళ్లు పట్టుదలగా కూర్చున్నాడు. 1894లో ఆయన పూర్తి చేసిన ఆ కాగితాల పెట్టె గోటింగెన్‌లో ఉంది. అదే 65537 ఇప్పుడు సందేశాలను రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో బహిరంగ తాళంచెవులు తయారు చేసే చోట అందరూ వాడే ఘాతాంకం; పదిహేడు బిట్లలో రెండే ఒకట్లు ఉండటం వల్ల గుణకారాలు తక్కువ పడతాయని.

ఆ 31 బహుభుజుల జాబితా మన ఛందస్సు గ్రంథాల్లోని మేరు ప్రస్తారంలో దాగి ఉంది. పింగళుడి సూత్రాలకు వ్యాఖ్య రాస్తూ 10వ శతాబ్దంలో హలాయుధుడు వివరించిన ఆ త్రికోణం అందరికీ తెలిసిందే: పై రెండు గడులను కూడి కింది గడిలో రాయడం. ఇన్ని అక్షరాల పాదంలో ఇన్ని గురువులుండేవి ఎన్ని రకాలో చెప్పేది. దాన్ని ఒకసారి చేత్తో రాసి, బేసి సంఖ్య ఉన్న చోట 1, సరి సంఖ్య ఉన్న చోట 0 పెట్టి చూడండి:

1
1 1
1 0 1
1 1 1 1
1 0 0 0 1
1 1 0 0 1 1
1 0 1 0 1 0 1
1 1 1 1 1 1 1 1

ఒక్కో వరసను కంప్యూటర్ అంకెల్లా చదవండి: 1, 3, 5, 15, 17, 51, 85, 255. మొదటి ఒకటిని వదిలేస్తే, స్కేలు, వృత్తలేఖినితో గీయగల బేసి బహుభుజులు వరస తప్పకుండా వస్తున్నాయి! తర్వాతి వరస 257. ఇలా 32వ వరస దాకా సరిగ్గా ఆ జాబితానే. 32వది మొత్తం ఒకట్లతో నిండి 4294967295 అవుతుంది. 33వ వరసలో రెండు చివర్లా ఒకట్లు, మధ్యలో అన్నీ సున్నాలు. అది 4294967297, ఆయిలర్ విరగ్గొట్టిన మెట్టు. అక్కడితో బహుభుజుల జాబితాతో పొత్తు తెగిపోతుంది. త్రికోణం మాత్రం తన పద్ధతిలో తాను సాగిపోతూ, 64వ వరసకు వచ్చేసరికి మళ్లీ అన్నీ ఒకట్లతో నిండుతుంది. ఎన్ని? అరవై నాలుగు. మల్లన పద్యంలోని సంఖ్య అదే. మేరువులో 64వ మెట్టు మీద నిలబడి ఉంది.

సంఖ్యకు రెండు కలిపితే

మొదటి ఐదు తర్వాత మరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు కనబడలేదు. ఆయిలర్ విరిచినదానితో మొదలుపెట్టి వరసగా 28 ఫెర్మా సంఖ్యలు, అంటే ఘాతాంకం 2³² అయ్యే దాకా, సంయుక్త సంఖ్యలేనని తేలింది. ఆ తర్వాతది ఏమిటో ఇంకా తేలలేదు. ఫెర్మా ‘అన్నీ’ అన్నచోట ‘ఇక ఒక్కటీ లేదు’ అనే పందెం వైపు ఇప్పటివాళ్లు మొగ్గుతారు, దానికీ రుజువు లేదు. ఎన్నింటిని చూశామన్నది ఇక్కడ సాక్ష్యంగా చెల్లదని ఈ వరసే ఒకసారి చూపించింది కనుక నేనైతే పందెం కట్టను.

ఈ సంఖ్యలకు ఉన్న ఒక బంధుత్వం మాత్రం గట్టిది. మొదటి నుంచి కొన్నింటిని గుణించి రెండు కలిపితే తర్వాతది వస్తుంది. 3 + 2 = 5. 3 × 5 + 2 = 17. 3 × 5 × 17 + 2 = 257. అందువల్ల ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి భాజకం ఉండదు: ఉంటే అది 2ను కూడా భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలాయె. ఒక్కోదానికీ సొంతంగా కొత్త ప్రధాన సంఖ్య ఉంటుంది కనుక ప్రధాన సంఖ్యలు అనంతమని కూడా దీంతోనే తేలిపోతుంది. ఈ రుజువు కూడా గోల్డ్‌బాఖ్‌దే.

మల్లన సంఖ్య ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధం. దానికి రెండు కలిపితే ఏడోది, 18446744073709551617. పద్యంలో మారాల్సింది ఒక్క అంకె, చివరి 5 బదులు 7. అంకెలు తిరగేసి చదువుతాం కనుక మారాల్సిన మాట పద్యంలో మొట్టమొదటిది: ‘శర’. ఏడుకు కొండ ఉంది కదా, ‘నగ’ అని పెడితే? రెండు లఘువులే, గణం కుదిరింది. ప్రాస కుదరదు, రెండో అక్షరం రేఫ కావాలి. ‘గిరి’ అని పెడదాం. గిరి శశి షట్క చంద్ర... గణం కుదిరింది, ప్రాస నిలిచింది. పదకొండో అక్షరం దగ్గర దొరికిపోతాం. అక్కడ ‘సాయక’లోని ‘సా’ ఉంది. శకారానికి మైత్రి ఉంది, గకారానికి లేదు. యతి చెడింది. తాటాకు మీద ఎవరైనా పొరపాటున ఇక్కడ ఏడు రాసి ఉంటే తర్వాతి పాఠకుడు పట్టేసేవాడు. బ్యాంకులు ఖాతా నంబర్ల చివర తనిఖీ అంకె పెట్టే పని ఈ పద్యంలో యతిప్రాసలు చేస్తున్నాయి. అన్ని తప్పులనూ పట్టలేవు, 5 బదులు ఇంకో చోట ఇంకేదో రాస్తే తప్పించుకుపోవచ్చు. దానికి రెండో తనిఖీగా తొమ్మిది లెక్క ఉంది: అంకెలన్నీ కూడితే 87, మళ్లీ కూడితే 15, మళ్లీ 6. 2⁶⁴ − 1ని 9తో భాగించినా శేషం 6.

యతి చెడిన ఆ గిరి సంఖ్యను గణితవేత్త క్లౌసెన్ 1855లో గాస్‌కు రాసిన లేఖలో విడగొట్టాడు. ఆ సంగతి బయటికి రాలేదు. పాతికేళ్ల తర్వాత, 1880లో, 82 ఏళ్ల వయసులో లాండ్రీ అనే ఫ్రెంచివాడు మళ్లీ మొదటి నుంచి చేసి అచ్చువేశాడు: 274177 × 67280421310721. ఇక్కడ రాట్నం చుట్టుకు 64 కాదు, 128 అడుగులు కనుక, మొదటిదాంట్లోంచి ఒకటి తీసి 128తో భాగించి చూడండి. 2142, నిశ్శేషంగా.